ఎరువు మాట

ముందు నిచ్చెన వచ్చింది.

బావగారే దాన్ని భుజాన వేసుకొచ్చి, గేటులో పట్టక అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి గోడకానించి, "మీ అక్క పంపింది" అన్నాడు. ఎందుకని సంపాదకురాలు అడగలేదు. ఆయనా చెప్పలేదు. వడ్రంగం చేసే మనిషి. చెక్కతో మాట్లాడినన్ని మాటలు మనుషులతో మాట్లాడడు.

వీధికి ఈ చివర సంపాదకురాలుండే తమ్ముడిల్లు, ఆ చివర బావగారుండే అన్నగారిల్లు. ఆ నిచ్చెన రెండిళ్ళ మధ్యా ఎన్నేళ్ళుగా తిరుగుతోందంటే, అసలు దాన్ని ఎవరు కొన్నారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఏ ఇంట్లో బల్బు కాలితే ఆ ఇంటిది.

కాసేపటికి ఇస్త్రీపెట్టె వచ్చింది. ఆ తర్వాత పెద్ద గిన్నె. ఆ తర్వాత ఊచ విరిగిన గొడుగు. మూత లేని డబ్బా ఒకటి వచ్చింది, దాని మూత ఇంకో విడతలో విడిగా వచ్చింది. ప్రతిసారీ బావగారే. ప్రతిసారీ అదే మాట.

ఎండ నడినెత్తికెక్కేసరికి వరండా పాతసామాన్ల కొట్టులా తయారైంది. అత్తగారు మూల కుర్చీలో బఠాణీలు ఒలుచుకుంటూ, వచ్చిన ప్రతి వస్తువునీ దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసి, "ఓహో, ఇదింకా బతికే ఉందా" అంటోంది.

సంపాదకురాలికి మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. సాయంత్రానికి 'హద్దురాయి' కొత్త సంచిక వెళ్ళిపోవాలి. గదిలోకి వెళ్ళి కంప్యూటరు ముందు కూచుంటుంది. గేటు చప్పుడవుతుంది. లేస్తుంది. మళ్ళీ కూచుంటుంది. రాసిన వాక్యమే మళ్ళీ రాస్తుంది.

హద్దురాయి పత్రిక అంటే పత్రిక, జాబు అంటే జాబు. పక్షానికోసారి కంప్యూటర్లోంచి బయల్దేరి, ఈ ప్రాంతం మీద పరిశోధన చేసేవాళ్ళందరి ముందూ వాలుతుంది. మట్టి పరీక్షించేవాళ్ళు, శాసనాలు చదివేవాళ్ళు, పాటలు పోగేసేవాళ్ళు, కాలవలు కొలిచేవాళ్ళు ఉన్నారే, ఎవరి చేను వాళ్ళు దున్నుకుంటూ గట్టవతల ఏం పండుతోందో తలెత్తి చూడని పెద్దమనుషులు, వాళ్ళందర్నీ ఒక గట్టు మీద కూచోబెట్టాలని, కాలేజీలో భూగోళం చెప్పే సంపాదకురాలు దాన్ని మొదలుపెట్టింది. చందా లేదు. పేరు కింద ఎప్పుడూ ఒక వరస ఉంటుంది: "ఉచితం. చదివి ఇంకొకరికివ్వండి. తిరిగివ్వనక్కర్లేదు."

ఆ వరస రాసింది పిట్ట.

పిట్ట అంటే అన్నగారింటి పిల్ల. డిగ్రీ మొదటి సంవత్సరం. సన్నగా ఉంటుందని కొందరూ, నోరు మూయదని కొందరూ కలిసి పెట్టిన పేరు. హద్దురాయిలో అక్షరాలు సర్దేదీ, బొమ్మలు పెట్టేదీ, చివరికి మీట నొక్కి పంపేదీ అదే. సంపాదకురాల్ని పిన్నీ అంటుంది. బావగారి భార్యని, కుట్టుకొట్టు నడిపే పెద్దావిడని, అమ్మా అంటుంది.

కన్నది మాత్రం పిన్నే.

ఇందులో దాపరికమేం లేదు. పిట్టకీ తెలుసు, వీధికీ తెలుసు. పెద్దావిడ కడుపు నిలవక మంచం పట్టిన ఏడే సంపాదకురాలికి కాలవ ఊళ్ళ మీద పరిశోధనకు వెళ్ళే అవకాశం వచ్చింది. నెలల పిల్లను బొంతలో చుట్టి, తోడికోడలి పక్కలో పడుకోబెట్టి వెళ్ళింది. చదువు పూర్తి చేసుకుని వచ్చేసరికి పిల్ల ఆవిడ భుజం దిగనంది. ఇస్తున్నామని ఎవరూ అనలేదు. తీసుకుంటున్నామనీ ఎవరూ అనలేదు. ఆ తర్వాత ఈ ఇంట్లో మరో కాన్పు రాలేదు. పొయ్యి మీద పాలు పొంగి చల్లారినట్టు అదంతా అలా సర్దుకుపోయింది. సర్దుకుపోయిందనే అనుకున్నారు.

ఈ గొడవకి మూలం ఎద్దులు.

మట్టి డాక్టరొకాయన పాత కాగితాల్లో 'ఎరువు ఎద్దులు' అన్న మాట చూసి, వెనకటి రైతులు పేడ కోసమే విడిగా ఎద్దుల్ని పెంచేవాళ్ళని పెద్ద వ్యాసం రాశాడు. ఎద్దుకింత పేడ అని పట్టిక కూడా వేశాడు. హద్దురాయి దాన్ని భద్రంగా అచ్చువేసింది. అది చూసి భాషాశాస్త్రం మేష్టారికి అన్నం సయించలేదట. ఎరువంటే పొలంలో చల్లేదొకటే కాదు నాయనా, వాడుకుని తిరిగిచ్చేద్దామని తెచ్చుకునే వస్తువు కూడా ఎరువే, అవి పేడ ఎద్దులు కావు, దుక్కికి పక్కవాడిని అడిగి తోలుకొచ్చిన ఎద్దులు అని, తన 'మాట కథ' శీర్షికకి రాసి పంపాడు.

అంతా బాగానే ఉంది. ఉదాహరణ వాక్యం మాత్రం మరిచిపోయాడు. ఆ శీర్షికకి మేష్టారే పెట్టిన నియమం ఒకటుంది. వాక్యం కల్పించకూడదు, ఎవరో ఒకరి నోట విన్నదై ఉండాలి, అన్నదెవరో కింద వెయ్యాలి. ఆ పూట ఆయన ఫోనెత్తలేదు. సంచిక బయల్దేరే వేళైంది. సంపాదకురాలు చెవిలో మెదిలిన వాక్యమొకటి వేసేసింది.

'ఎరువు ఇచ్చిన బిడ్డను అడగలేం, అడక్కుండా ఉండలేం. అన్నవారు: డెబ్బై దాటిన స్త్రీ, ఇంట్లో.'

దానికి రంగు గడి కట్టి, అంచులు సర్ది, మీట నొక్కింది పిట్టే. ఒక్క మాట అనలేదు. నోరు మూయని పిల్ల.

ఉచితంగా వచ్చింది ఊరంతా తిరుగుతుంది. చరిత్ర లెక్చరరు భార్య కుట్టుకొట్లో కొలతలిస్తూ, మీ తోడికోడలి పత్రికలో ఎంత చక్కటి వాక్యం పడిందో వినండి అని ఫోనులోంచి చదివి వినిపించింది. పెద్దావిడ టేపు చుట్టి మెళ్ళో వేసుకుందట. కొలత సగంలోనే ఆగిపోయింది. మర్నాడు నిచ్చెన వచ్చింది.

*

భర్త నీళ్ళ శాఖలో పంపుల ఇంజినీరు. భోజనానికొచ్చి, గిన్నెను దాటి, గొడుగును దాటి, నిచ్చెన కింద వంగి లోపలికి చేరాడు. అన్నయ్య ఇంకో నాలుగు విడతలు తిరిగితే ఆ ఇంటి గుమ్మాలు కూడా ఊడదీసి తెచ్చేలా ఉన్నాడన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆయనా ఆ నవ్వును కంచం పక్కన పెట్టేసి తినడం మొదలుపెట్టాడు.

"నిజంగా అమ్మ అందా ఆ మాట?"

"అంది. నా చెవుల్లో ఉంది."

"ఉంటే చెవుల్లోనే ఉండనివ్వాలి. ఇంటి మాట."

"అది ఉదాహరణ."

"ఉదాహరణకి మన పిల్లే దొరికిందా?"

మన అన్న చోట ఇద్దరూ ఆగారు. ఆ పిల్ల విషయంలో ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ వాడరు. కొత్త చెప్పు కరిచినట్టు ఇద్దరికీ ఒకేచోట తగిలింది.

"వాళ్ళ పిల్ల" అని ఆయన దిద్దుకున్నాడు. "చూడు, మనం ఎరువివ్వలేదు. ఇచ్చాం. మా అన్నయ్యకి నేనే ఇచ్చాను."

"మీరిచ్చారు" అంది ఆవిడ.

"అంటే?"

"అంటే ఏం లేదు. చల్లారిపోతోంది, తినండి."

ఆయన తినలేదు. చెయ్యి కంచంలోనే ఉంది. మెతుకులు ఎండిపోయేదాకా అలాగే కూచుని, తర్వాత లేచి చెయ్యి కడుక్కుని, వెళ్తూ వెళ్తూ గొడుగును ఎందుకో తెరిచి చూసి, మళ్ళీ ముడిచి పెట్టేసి వెళ్ళాడు.

ఆవిడ మేష్టారికి ఫోను చేసింది. సవరణ వేద్దామనుకుంటున్నానంది. మేష్టారు ఒప్పుకోలేదు. ఆ వాక్యం దొరకడమే అదృష్టం అన్నాడు, తన నిఘంటువులోకి ఎక్కించేస్తున్నానన్నాడు, మట్టి డాక్టరు కూడా పేడ పట్టిక వెనక్కి తీసుకున్నాడని సంతోషంగా చెప్పాడు. ఇంట్లో మనుషులు బాధపడ్డారండీ అంటే, ఆయన కాసేపు గొంతు సవరించుకున్నాడు.

"అర్థం తప్పయితే సవరణ వేద్దామమ్మా. నొప్పి కలిగిందని వెయ్యం. ఆ లెక్కన మన భాషలో సగం మాటలకి సవరణలు వెయ్యాలి" అన్నాడు. "అన్నవారు ఎవరన్నది తప్పుపడితే మాత్రం తప్పకుండా వెయ్యాలి. అది తప్పు పడలేదు కదా?"

లేదంది.

*

కుట్టుకొట్టులో మిషను ఆగకుండా కొడుతోంది. సంపాదకురాలు మెట్టెక్కి నిలబడింది. మామూలుగా అయితే పెద్దావిడ తలెత్తకుండానే, చెప్పుల చప్పుడు పట్టి, "రా చెల్లీ, ఆ సూది గుచ్చుకోకుండా కూచో" అంటుంది.

ఇవాళ తలెత్తింది. నిదానంగా, కొత్త గిరాకీని చూసినట్టు చూసింది.

"ఏం కుట్టాలండీ?"

ఆ 'అండీ' కత్తెరలా పడింది. పక్కన కాజాలు కుట్టే మనిషి దారం నోట్లో పెట్టుకునే వినడం మొదలుపెట్టింది.

"అక్కా, నేను..."

"చేతినిండా పనుంది. వారం దాకా కుదరదు."

అక్కా, అది నా మాట కాదు, అత్తయ్య ఎప్పుడో అంటే వేశాను అని చెప్పుకొచ్చింది సంపాదకురాలు. శీర్షికకి నియమం ఉందని చెప్పింది. ఎద్దుల సంగతి చెప్పింది. చెబుతున్నకొద్దీ తనకే అదంతా క్లాసులో పాఠంలా వినబడింది. పెద్దావిడ గుడ్డ మడిచి, నలిగిన చోట గోటితో గీత గీసి, దాని వెంటే కత్తిరించుకుంటూ పోయింది. చివరిదాకా కత్తిరించాక అంది.

"చదువుకున్నవాళ్ళు మీరు. మాటకి అర్థం మీకే తెలియాలి. వాడుకుని తిరిగిచ్చేదట. నేను బాగానే వాడుకున్నాను. జ్వరాలకీ దగ్గులకీ వాడుకున్నాను. రాత్రిళ్ళు మేలుకోవడానికి వాడుకున్నాను."

"అక్కా."

"మీ సామాన్లన్నీ చేరినట్టేగా? ఇంకొక్కటుంది. సాయంత్రానికి అది కూడా పంపించేస్తాను."

మిషను మళ్ళీ మొదలైంది. దాని మీద మాట వేస్తే దారంతో పాటు తెగిపోయేలా ఉంది. సంపాదకురాలు మెట్టు దిగింది. ఇంకొక్కటి ఏమిటో అడగలేదు. అడగలేం, అడక్కుండా ఉండలేం అని ఎవరన్నారో గానీ ఊరికే అనలేదు.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా అత్తగారి ముందు నేల మీద చతికిలబడింది.

"అత్తయ్యా, మీరే ఒకసారి అక్కకి చెప్పండి. ఆ మాట మీరన్నదని."

అత్తగారు ఒక కాయను రెండుగా చీల్చి, గింజలు బొటనవేలితో గిన్నెలోకి తోసింది. "చెబుదును. నేనన్లేదే."

"అన్నారు. నాకు గుర్తుంది. మీ గొంతు కూడా గుర్తుంది."

"మాట నాదే. ఎరువని ఈ ఇంట్లో అనేదాన్ని నేనొక్కదాన్నే, మీరంతా అరువనేవాళ్ళేగా. మాట నాదే చిన్నమ్మాయ్. వాక్యం నీది."

సంపాదకురాలు ఏదో అనబోయింది.

"పిట్టని చిన్నప్పుడు ఆస్పత్రిలో పడుకోబెట్టలేదూ? డాక్టరమ్మ బయటికొచ్చి తల్లెవరు, తల్లొక్కతే లోపలికి రండి అంది. పెద్దమ్మాయి లేచి వెళ్ళింది. నువ్వూ లేచావు. లేచి, మళ్ళీ కూచున్నావు. బల్ల మీద నా పక్కనే. గోడ కేసి చూస్తూ అన్నావు. నాతో అన్నావో, గోడతో అన్నావో. నేను విననట్టే ఊరుకున్నాను. అలాంటి మాట విన్నానంటే మోయాలి కదా."

ఆ గోడ రంగు సంపాదకురాలికి కనిపించింది. కింద సగం ఆకుపచ్చ, పైన సగం తెలుపు. తన నోటిలోంచి ఊడిపడ్డ మాటను ఇన్నేళ్ళూ తనే అత్తగారి కొంగుకు కట్టి ఊరుకుందన్నమాట. పరాయి గొంతులో పెడితే మొయ్యడం తేలిక.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. అడక్కుండా అచ్చువేశావు." అత్తగారు ఒలిచిన తొక్కలు ఒళ్ళోంచి దులుపుకుంది. "నిన్న పిట్ట వచ్చి అడిగింది. దానికి చెప్పాను."

గేటు చప్పుడైంది.

*

ఈసారి బావగారు కాదు. పిట్ట. భుజాన సంచీ. ఆ సంచీ పొట్ట ఉబ్బి ఉంది. బట్టలు సర్దుకుంటే అలాగే ఉబ్బుతుంది.

"అమ్మ పంపింది" అంది పిట్ట.

సంపాదకురాలు గుమ్మం పట్టుకుంది. సంతోషమా, భయమా అన్నది తనకే తెలియలేదు. ఎన్నో రాత్రులు ఈ పిల్ల ఇలాగే సంచీతో గుమ్మంలో నిలబడినట్టు తను ఊహించుకోలేదంటే అబద్ధం. ఊహలో మాత్రం వెనకాల వరండాలో ఇస్త్రీపెట్టె, గొడుగు లేవు. ఊహలో పిల్ల మొహం ఇలా గీసిన గీతలా లేదు.

పిట్ట నేరుగా గదిలోకి వెళ్ళి సంచీ బల్ల మీద పెట్టి జిప్పు లాగింది. బట్టలు కావు. పాత బొంత. అంచులు రెండు మూడు సార్లు మళ్ళీ కుట్టినవి, ఒక్కోసారి ఒక్కో రంగు దారంతో.

"ఇందులో చుట్టి తెచ్చావట నన్ను. ఇది ఎరువట, అందుకని ఇచ్చెయ్యమంది. మిగతాది ఎరువో, ఇచ్చిందో, అది మాత్రం మీ పిన్నినే అడుగు, ఊరంతా చదివిన చోటే చెప్పమను అంది."

"నువ్వు..." సంపాదకురాలు బల్ల దగ్గరికొచ్చింది. "ఆ వాక్యం నువ్వే పెట్టావుగా. అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అచ్చు కూర్చేవాళ్ళు అర్థాలు అడక్కూడదని నువ్వే నేర్పావు పిన్నీ." పిట్ట కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూచుంది. "అడిగితే కల్పించాననేదానివి. నానమ్మందనేదానివి. ఎవరందో తెలిశాక అడుగుదామనుకున్నాను. ఇప్పుడు తెలిసింది."

కొత్త సంచిక తెర మీదకి వచ్చింది. పైన పేరు, కింద తిరిగివ్వనక్కర్లేదన్న వరస. 'మాట కథ' ఉండాల్సిన చోట ఖాళీ గడి. పిట్ట అందులో సవరణ అని కొట్టింది. వేళ్ళు గబగబా నడిచాయి.

'గత సంచికలో ఎరువు మాటకిచ్చిన ఉదాహరణ వాక్యం డెబ్బై దాటిన స్త్రీ అన్నది కాదు. అన్నవారు:'

అక్కడ ఆగింది. గీత మిణుకుమిణుకుమంటోంది.

"ఎవరని కొట్టను?"

వరండాలో గిన్నె మీద ఏదో గింజ పడి టింగుమంది. అత్తగారు ఒలవడం ఆపింది.

సంపాదకురాలని కొట్టు అనబోయింది. నోటిదాకా వచ్చింది. కాలేజీ లెక్చరరు అని ఉంది, నలభై దాటిన స్త్రీ అని ఉంది, ఇలాంటి గడులు నింపడానికి మర్యాదైన మాటలు బోలెడు. అన్నీ ఆ ఆస్పత్రి బల్ల మీద తన పక్కనే వరసగా కూచున్నట్టనిపించాయి. ఒక్కటీ లోపలికి వెళ్ళలేదు.

"తల్లి" అంది.

పిట్ట వెనక్కి తిరగలేదు. ఆ రెండక్షరాలు కొట్టడానికి దానికి చాలాసేపు పట్టింది. అంత వేగంగా కొట్టే పిల్ల.

ఎప్పుడొచ్చిందో తెలియదు, పెద్దావిడ గది గుమ్మంలో ఉంది. మెళ్ళో టేపు అలాగే ఉంది, చీర మీద దారం ముక్కలు అలాగే ఉన్నాయి. చేతుల్లో ఏమీ లేదు. పొద్దుట్నించీ ఆ ఇంటి నుంచి ఖాళీ చేతులతో వచ్చిన మనిషి ఆవిడొక్కతే.

"పంపేశారా?" అంది.

"ఇంకా లేదక్కా."

పెద్దావిడ లోపలికొచ్చింది. బల్ల మీద బొంతను చూసి, "దుమ్ములో పెట్టారేం దీన్ని" అని తీసి, రెండు మడతలు వేసి, ముక్కాలిపీట లాక్కుని కూచుని ఒళ్ళో పెట్టుకుంది. తిరిగిచ్చేసిన వస్తువు.

"చదువు" అంది పిట్టతో.

పిట్ట చదివింది. సవరణ అన్న దగ్గర్నించి మొదలుపెట్టి, తడబడకుండా, వార్తలు చదివినట్టు చదివింది. "అన్నవారు, తల్లి" అని ఆపింది.

పెద్దావిడ చేతులు బొంత అంచు వెంట కుట్టు తడుముకుంటూ వెళ్ళాయి. ఒక చోట దారం రంగు మారింది. అక్కడ ఆగాయి.

"తల్లి సరే. ఏ తల్లో రాయలేదేం?"

సంపాదకురాలు పిట్ట వైపు చూసింది. పెద్దావిడా పిట్ట వైపే చూసింది. గుమ్మం దాకా నడిచొచ్చిన అత్తగారు కూడా అటే చూస్తోంది.

పిట్ట మీట మీంచి వేలు తీసేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టేసుకుంది.

"నన్ను చూస్తారేం అందరూ? నేను ఉదాహరణని. ఉదాహరణని ఎవరూ అర్థం అడగరు" అంది.

తెర మీద తల్లి అన్న మాట పక్కన గీత వెలుగుతోంది, ఆరుతోంది. తోడికోడళ్ళిద్దరిలో ముందుగా మీటల వైపు చెయ్యి చాపింది పెద్దావిడ.